అయిదు వాల్వులూ, ఒక హమ్మూ

మా బావకి పాట వినడం కంటే పాట లేనప్పుడు వినడం ఎక్కువ ఇష్టం. ఎవరింటికి వెళ్ళినా అక్కడ స్టీరియో కనిపిస్తే చాలు, ముందు రికార్డు ఆపమనేవాడు. తర్వాత వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పి, స్పీకర్ ముందు గొంతుక్కూర్చుని, చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. తన సెట్టు గురించి నాలుగు మంచి ముక్కలు వినొచ్చని ఆ ఇంటాయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడేవాడు. అర నిమిషం తర్వాత బావ లేచి, మోకాళ్ళు దులుపుకుని, "కొంచెం హమ్ ఉందండీ" అనేవాడు. హమ్ అంటే పాట లేకపోయినా స్పీకర్లోంచి వచ్చే కరెంటు రొద. అంతే. పాట ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా అక్క ఆయనతో మాట్లాడేది కాదు.

నాకు అదొక వెర్రిలా కనిపించేది. ఆ వెర్రి నాకూ అంటుకోవడానికి పట్టింది ఒక్క సెలవుల కాలం.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. నా దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ రికార్డ్ ప్లేయర్, ఒక పవర్ ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఉండేవి. ఒకదానికొకటి కలిపితే పాట దోమ రొదలా వచ్చింది. సన్నగా, ఎక్కడో దూరంగా, కింది స్థాయి శబ్దం, అదే బేస్, అనే మాటే లేకుండా. బావని పిలిచి చూపిస్తే నవ్వాడు.

"ఏమోయ్, ముల్లుని పట్టుకునే మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేదే 5 మిల్లీవోల్టులు. నీ ఆంప్లిఫయర్ అడిగేది దాదాపు ఒక వోల్టు. మధ్యలో దాన్ని ముందుగా పెంచే ప్రీయాంప్ లేకుండా ఎలా పాడుతుంది?"

"కొందామా బావా?"

"కొనడం ఎందుకు? కడదాం."

ఇల్లు కట్టే మాటలాగే అన్నాడు. పట్టిన కాలం చూస్తే ఆ మాటే సరైంది.

ఆ ఆదివారం ఒక రేకు డబ్బా తెచ్చాడు. నేను ట్రాన్సిస్టర్లు ఉంటాయనుకున్నాను. మూత తీస్తే దూదిలో చుట్టిన గాజు గొట్టాలు, ఒక్కొక్కటీ బొటనవేలికి కాస్త పెద్ద. పాత రేడియోల్లో నేను చూసిన వాల్వులు, అంటే ట్రాన్సిస్టర్లకి ముందు సిగ్నల్‌ని పెంచిన గాజు గొట్టాలు, బల్బంత ఉండేవి, కింద నల్లటి బేకలైట్ బేసుతో. వీటికి బేస్ లేదు. గాజులోంచే తిన్నగా తొమ్మిది సన్నటి పిన్నులు పొడుచుకొచ్చాయి. మినియేచర్ వాల్వులంటే ఇవేనట. గాజు గొట్టం వెడల్పు 22 మిల్లీమీటర్లు. పైన చిన్న మొన, గాలి తీసేసి గాజుని మూసేసిన చోటు. ఆ మొన చుట్టూ లోపలివైపు అద్దంలా మెరిసే వెండి రంగు పూత.

"ఆ మెరుపు చూసి తీసుకోవాలి వాల్వు" అన్నాడు. అది గెటర్, బేరియం పూత. లోపల మిగిలిపోయిన కాస్త గాలిని అది పట్టేసుకుంటుంది. ఎక్కడైనా సన్నటి పగులు వచ్చి గాలి చొరబడిందా, ఆ వెండి పూత సున్నం వేసినట్టు తెల్లబడిపోతుంది. డబ్బాలో అలా తెల్లబడినవి రెండున్నాయి. వాటిని విడిగా పెట్టాడు కానీ పారెయ్యలేదు. బావ ఏదీ పారెయ్యడు.

నేను ఒకదాని మీద అరిగిపోయిన అక్షరాలు చదివాను: ఈసీసీ83. ఇంకోదాని మీద 12ఏఎక్స్7. రెండూ ఒకటేనని చెబితే నమ్మలేదు. యూరప్‌లో ఒక పేరు, అమెరికాలో ఒక పేరు. యూరప్ పేరులో అర్థం ఉంది: మొదటి ఈ అంటే హీటర్‌కి (వాల్వుని లోపల వేడెక్కించే తీగకి) 6.3 వోల్టులు, సీ అంటే ట్రయోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్, వాటిని అదుపు చేసే గ్రిడ్, అందుకునే ప్లేటు ఉన్న వాల్వు), ఇంకో సీ అంటే ఇంకో ట్రయోడ్, 8 అంటే తొమ్మిది పిన్నుల బేస్, చివరి 3 వరస సంఖ్య. అంటే ఒకే గాజులో రెండు వాల్వులు కాపురం చేస్తున్నాయన్నమాట. అమెరికా పేరులో 12 అంటే హీటర్‌కి 12.6 వోల్టులు. మరి ఒకే వాల్వుకి ఒకరు 6.3 అని, ఇంకొకరు 12.6 అని ఎలా అంటారు? ఈ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

12ఏఎక్స్7ని ఆర్‌సీఏ కంపెనీ 1947 సెప్టెంబరులో మార్కెట్లోకి తెచ్చింది. సరిగ్గా మూడు నెలలకి, అదే ఏడాది డిసెంబరులో, బెల్ ల్యాబ్స్‌లో మొదటి ట్రాన్సిస్టర్ పనిచేసింది. తనని మింగెయ్యబోయేది పక్క గదిలో పుడుతుండగా ఇది పుట్టింది. అయినా ఇప్పటికీ తయారవుతూనే ఉంది. గిటార్ ఆంప్లిఫయర్లవాళ్ళు దీన్ని వదల్లేదు.

సర్క్యూట్ బావ ఒక పాత నోటుబుక్కు వెనక అట్ట మీద గీశాడు. ఒక్కో ఛానెల్‌కి ఒక 12ఏఎక్స్7, దానిలోని రెండు సగాలూ ఒకదాని వెనక ఒకటి. తర్వాత వాల్యూమ్. తర్వాత ఒక 12ఏయూ7, దాని రెండో సగం కాథోడ్ ఫాలోవర్. అది సిగ్నల్‌ని పెంచదు, కానీ పొడుగాటి వైరు తగిలించినా నీరసపడకుండా బయటికి తోస్తుంది. రెండు ఛానెళ్ళకి నాలుగు, ఇంటి కరెంటుని ఒకే వైపు పారే డీసీ చెయ్యడానికి ఈజెడ్80 అనే ఇంకో వాల్వు. మొత్తం అయిదు. బేస్, ట్రెబుల్ (పై స్థాయి శబ్దం) నాబులు కూడా పెడదామని నేను పట్టుబట్టాను. 1952లో పీటర్ బాక్సండాల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు చూపించిన పద్ధతి ఒకటుంది, తర్వాత దాదాపు అందరూ దాన్నే వాడుకున్నారు. బావ దాన్ని మెచ్చుకుంటూనే వద్దన్నాడు. "ముందు ఉన్నది ఉన్నట్టు విను. తర్వాత తిప్పుకుందువుగాని." ఆ నాబులు ఇప్పటికీ పెట్టలేదు.

రెండు సగాల మధ్యలో నాలుగైదు రెసిస్టెన్సులు, కండెన్సర్లు ఒక గుంపుగా గీసి, చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టాడు. (కెపాసిటర్ అనే మాట పుస్తకాల్లో ఉండేది. నోటికొచ్చేది కండెన్సరే.) రికార్డు మీద పాటని ఉన్నదున్నట్టు చెక్కరు. బేస్‌ని అలాగే చెక్కితే గాడి అటూ ఇటూ ఊగిపోయి పక్క గాడిలోకి దూరుతుంది, అందుకని తగ్గించి చెక్కుతారు. ట్రెబుల్‌ని పెంచి చెక్కుతారు, ముల్లు రాపిడి చప్పుడు కింద అది మునిగిపోకుండా. మళ్ళీ వాయించేటప్పుడు దాన్ని సరిగ్గా తలకిందులు చెయ్యాలి. 1954 నుంచి దానికి ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) పెట్టిన ఒక్కటే లెక్క. ఎర్ర గీత లోపల ఉన్నవి ఆ పని చేస్తాయి. నా దోమ రొదకి కారణం అక్కడుంది.

"ఇక్కడ జాగ్రత్త" అన్నాడు బావ. "ఈ గుంపు బేస్‌ని లేపుతుంది కదా. 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి యాభై ఊపుల దగ్గర, ఎంత లేపుతుందో తెలుసా? 17 డెసిబెల్స్. వెయ్యి హెర్ట్జ్ కంటే ఏడు రెట్లు. ఇంట్లో ఉన్న కరెంటు కూడా 50 హెర్ట్జే."

అప్పుడు నేను తలూపాను. అర్థమైంది మాత్రం నెల తర్వాత.

చాసీ (అన్నీ బిగించే రేకు పెట్టె) పని గురించి పెద్దగా చెప్పను, చేతులు బొబ్బలెక్కాయి, అంతే. అల్యూమినియం రేకుకి వాల్వుల్ని గుచ్చే బేసుల కోసం గుండ్రటి చిల్లులు పెట్టాలి. దానికి పంచ్ ఉంటుంది, మా దగ్గర లేదు. కంపాస్‌తో వలయం గీసి, గీత వెంట చిన్న చిన్న బెజ్జాలు వేసి, మధ్య ముక్క ఊడగొట్టి, అర్ధచంద్రాకారం ఆకురాయితో గుండ్రంగా రాచాలి. అయిదు చిల్లులకి రెండు రోజులు. వాటిలో ఒకటి కోడిగుడ్డులా వచ్చింది. బేస్ పెట్టాక కనిపించదులే అన్నాడు బావ, కానీ ఆ బేస్ ఇవాళ్టికీ కొంచెం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది.

అసలు తప్పు హీటర్ల దగ్గర చేశాను. వాల్వు బేస్‌ని కింది నుంచి చూస్తే పిన్నుల మధ్య ఒక చోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ నుంచి గడియారం తిరిగే వైపుగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి. బావ ఆ వారం రాలేనన్నాడు. నన్నే హీటర్ వైర్లు వేసి ఉంచమన్నాడు. డేటా పుస్తకంలో ముందు ఈజెడ్80 చూశాను. హీటర్ పిన్నులు 4, 5. ఇంకేముంది, అన్ని బేసులకీ 4, 5కే ఆకుపచ్చ వైర్లు మెలేసి అందంగా సోల్డర్ చేసుకుంటూ పోయాను. నిజంగానే అందంగా వచ్చాయి. ప్రతి మూలా లంబకోణం, ప్రతి అతుకూ మెరుస్తోంది.

బావ వచ్చాక స్విచ్ వేశాం. ఈజెడ్80 ఎర్రగా వెలిగింది. మిగతా నాలుగూ దీపం కొండెక్కే ముందు వత్తిలా, వెలిగాయా లేదా అన్నట్టున్నాయి. లైటు ఆర్పి చూశాం. ఉంది, కానీ లేదు. బావ చాసీ తిరగేసి ఒక్క క్షణం చూశాడు.

"12ఏఎక్స్7లో 12 ఎందుకుందో ఆలోచించావా?"

అదీ సంగతి. దాని హీటర్ రెండు ముక్కలు. 4 నుంచి 5 దాకా రెండూ వరసగా ఉంటాయి, అలా వాడితే 12.6 వోల్టులివ్వాలి. మధ్య అతుకు తొమ్మిదో పిన్ను. 6.3 వోల్టులతో నడపాలంటే 4, 5 కలిపేసి ఒక వైరు, 9కి ఇంకో వైరు. నేను ఇచ్చింది 6.3 వోల్టులు, అదీ రెండు ముక్కల మీదా పంచి. ఒక్కోదానికి 3.15. ఈసీసీ83 అన్నవాళ్ళదీ నిజమే, 12ఏఎక్స్7 అన్నవాళ్ళదీ నిజమే. తప్పు నాదొక్కడిదే. నా లంబకోణాలన్నీ ఊడదీస్తుంటే బావ పెన్సిల్ తీసుకుని చాసీ లోపలి గోడ మీద రాశాడు: "4, 5 ఒకటి. 9 వేరు. ఏమోయ్!" ఆ ఏమోయ్ పక్కన ఆశ్చర్యార్థకం కూడా పెట్టాడు.

అక్కకి మా మీద ఉన్న కోపం అప్పటికి రెండో వారంలో పడింది. "ఏవండీ, ఆ టేబుల్ మీద మనుషులు చదువుకునేవాళ్ళు ఒకప్పుడు" అనేది. ఎటు చూసినా వైరు ముక్కలు, స్లీవు కత్తిరింపులు, ఫ్లక్స్ కాలిన వాసన. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం. ఎక్కడైనా రిపేరు బల్ల పక్కనుంచి వెళ్తూ ఆ పొగ తగిలితే ఒక్క అడుగు నెమ్మదిస్తాను.

షాక్ కూడా తిన్నాను. ముందు పవర్ సప్లై ఒక్కటే పరీక్షిద్దామని ఈజెడ్80 తప్ప మిగతా వాల్వులు పీకేశాం. ఒక పాత రేడియో నుంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్, 250 వోల్టులు అటూ ఇటూ. డీసీ అయ్యాక మీటర్‌లో 350 చూపించింది. లోడ్ లేకపోతే అంతే వస్తుందని బావ సంతోషపడ్డాడు. స్విచ్ ఆపాం, ప్లగ్ పీకాం, కాసేపు ఏవో కబుర్లు చెప్పుకున్నాం. తర్వాత నేను ఎడమ చేత్తో చాసీ పట్టుకుని కుడి చేత్తో కండెన్సర్ దగ్గర వైరు సర్దబోయాను. ఎవరో భుజం మీద కర్రతో కొట్టినట్టయింది. కుర్చీతో సహా వెనక్కి పోయాను.

ప్లగ్ పీకినా, కరెంటుని దాచుకునే కండెన్సర్ మర్చిపోదు. వాల్వులు వేడిగా ఉండి ఉంటే అవే తాగేసేవి. అవి లేవు, కాబట్టి 350 వోల్టులూ అలాగే కూర్చున్నాయి. బావ మొహం తెల్లబోయింది. ఆ రోజు ఆయన నా మీద అరిచినంతగా ఇంకెప్పుడూ అరవలేదు. నా మీద అంటున్నాను కానీ తన మీదే అరుచుకున్నాడు. ఆ రాత్రే కండెన్సర్ కాళ్ళ మధ్య 220కె (2,20,000 ఓమ్‌ల) రెసిస్టెన్స్ ఒకటి పెట్టాడు, ఆపిన నిమిషంలో అంతా ఖాళీ అయ్యేలా. అప్పటినుంచి మా ఇద్దరికీ ఒక నియమం. కరెంటు ఉన్నా లేకపోయినా లోపల చెయ్యి పెడితే ఒక్కటే చెయ్యి. రెండోది వెనక్కి. రెండు చేతుల మధ్య ఉండేది గుండె.

మొదటిసారి పాట వచ్చిన రోజు గురించి గొప్పగా రాద్దామనుకున్నాను, కానీ గుర్తున్నది అక్క అన్న మాటే. తలుపు దగ్గర నిలబడి ఒక నిమిషం విని, "ఎడం పక్క తక్కువొస్తోందేం?" అంది. మేమిద్దరం లేదు లేదన్నాం. అక్క వెళ్ళిపోయాక ఒకరి మొహం ఒకరు చూసుకుని మీటర్ తీశాం. కుడి ఛానెల్ మొదటి వాల్వు ప్లేటు దగ్గర 160 వోల్టులు. 250 సప్లైలోంచి 100కె రెసిస్టెన్స్ మీద 90 పోయి 160 మిగలడం, సరిగ్గా ఉండాల్సినట్టే. ఎడం వైపు 230. అంటే ఆ వాల్వులో కరెంటు పారడమే లేదు, చుక్కలు కారుతోంది. కాథోడ్ కింద ఉన్న రెసిస్టెన్స్ రంగు పట్టీలు గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు అనుకుని వేశాను, 1500 ఓమ్‌లు. పగటి వెలుగులో చూస్తే ఆ ఎరుపు నారింజ. 15,000. పదింతలు. మీటరు చెప్పకముందే అక్క చెవి చెప్పింది. ఆ తర్వాత బావ ఏది మార్చినా "ఒకసారి మీ అక్కని పిలు" అనేవాడు. అక్క రావడానికి బెట్టు చేసేది, కానీ వచ్చేది.

ఇక హమ్.

పాట ఆపి, వాల్యూమ్ చివరిదాకా పెడితే గదంతా తుమ్మెదల తుట్టె కదిలించినట్టు మోగింది. నాకు ఏడుపొచ్చింది. బావ మాత్రం, నిజం చెబుతున్నాను, ఉత్సాహంగా కనిపించాడు. స్పీకర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"వంద" అన్నాడు.

"ఏంటి వంద?"

"హెర్ట్జ్. ఇది యాభై కాదు, వంద. యాభై అయితే మ్మ్మ్ అని గుండ్రంగా ఉంటుంది, చెవికంటే ఛాతీకి ఎక్కువ తెలుస్తుంది. వంద జుయ్‌మంటుంది, దానికి పళ్ళుంటాయి. రెండూ ఒకే శ్రుతి, ఒక స్థాయి తేడా. యాభై అయితే హీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్, ఎర్తు చూసుకోవాలి. వంద అయితే సప్లై."

ఎందుకంటే ఈజెడ్80 కరెంటు అల పైసగాన్నీ కింది సగాన్నీ కూడా ఒకే వైపుకి తిప్పుతుంది. యాభై సార్లు కాస్తా వంద సార్లవుతుంది. మధ్యలో కండెన్సర్ కాసేపు నింపుకుంటుంది, కాసేపు ఖాళీ చేసుకుంటుంది. ఆ ఎక్కడం దిగడం రంపం పళ్ళలా ఉంటుంది. మా సప్లైలో కండెన్సర్లు మంచివే. తప్పు నేను వాటి నెగటివ్ కాలుని అతికించిన చోట. ముందు నుంచి వెనకదాకా ఒక మందపాటి రాగి తీగ వేసి, ఎర్తులన్నీ దానికే కలిపాం. కండెన్సర్ కాలుని నేను దాని మధ్యలో, ఇన్‌పుట్ వాల్వు పక్కన కలిపాను, దగ్గరగా ఉందని. కండెన్సర్ నింపుకునే ప్రతిసారీ ఆ రాగి తీగలోంచి కరెంటు దెబ్బలా వెళ్తోంది. తీగకి రెసిస్టెన్స్ ఎంతని? ఏమీ లేనట్టే. కానీ ఆ ఏమీ లేనిదాని మీద పుట్టిన మైక్రోవోల్టులు ఇన్‌పుట్ వాల్వుకి పాటలాగే కనిపిస్తున్నాయి. అది తన పని తాను చేస్తోంది, పెంచుతోంది. కాలు పీకి తీగ చివరికి మార్చాం. దారిలో ఇంకో 10కె రెసిస్టెన్సు, ఇంకో 32 మైక్రోఫారడ్ కండెన్సరు చేర్చాం. వంద పోయింది.

పోయాక దాని కింద దాక్కున్న యాభై బయటపడింది.

ఇది ఇంకో మూడు ఆదివారాలు తిన్నది. బావ పద్ధతి ఇలా ఉండేది: చివరి వాల్వు నుంచి మొదలుపెట్టి వెనక్కి రావడం. ఒక వాల్వు గ్రిడ్‌ని ఎర్తుకి తాకిస్తే హమ్ ఆగిందా, దొంగ దానికంటే ముందున్నాడు. ఆగలేదా, దాని తర్వాత ఉన్నాడు. అలా తరుముకుంటూ వస్తే ప్రతిసారీ మొదటి 12ఏఎక్స్7 దగ్గరికే వచ్చి ఆగేవాళ్ళం. హీటర్ వైర్లని మళ్ళీ గట్టిగా మెలేసి చాసీ మూలకి అదిమాం. హీటర్ రెండు వైర్ల నుంచీ చెరో 100 ఓమ్‌లు ఎర్తుకి కలిపాం, ఒక వైపు హమ్‌ని ఇంకో వైపు హమ్ కొట్టేసేలా. సగం తగ్గింది. బావ ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు విప్పి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, దాన్ని చాసీ మీద అంగుళం అంగుళం తిప్పుతూ ఉంటే నేను స్పీకర్ దగ్గర కూర్చుని "తగ్గింది, ఇంకా, ఇంకా, ఆఁ పెరిగింది, వెనక్కి" అని చెప్పేవాణ్ణి. పూర్తిగా ఎక్కడా పోలేదు. చివరికి ట్రాన్స్‌ఫార్మర్‌నీ ఈజెడ్80నీ ఇంట్లోంచి గెంటేశాం. వేరే పెట్టె చేసి, మీటరు దూరంలో పెట్టి, నాలుగు తీగల కేబుల్‌తో కరెంటు పంపించాం. కష్టపడి రాచిన అయిదు చిల్లుల్లో ఒకటి అలా ఖాళీగా మిగిలిపోయింది. కోడిగుడ్డు చిల్లు మాత్రం కాదు.

అప్పటికీ ఒక సన్నటి మ్మ్మ్ ఉండిపోయింది. చెవి ఆనిస్తే తప్ప వినబడదు. నేను చాలన్నాను. బావ చాలనలేదు, ఏమీ అనలేదు. నోటుబుక్కు అట్ట ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, ఇన్‌పుట్ సాకెట్ నుంచి వాల్వుకి వెళ్ళే షీల్డ్ వైరు చూపించాడు. బయటి రొదని ఆపే దాని లోహపు అల్లిక రెండు చివర్లా ఎర్తు చేసి ఉంది. ఇటు సాకెట్ దగ్గర చాసీకి, అటు రాగి తీగకి. రాగి తీగ కూడా వేరే చోట చాసీకి కలిసింది. అంటే ఒక గుండ్రటి ఉంగరం. ఇంట్లో కరెంటు వైర్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ఆ ఉంగరంలోంచి పోతూ అందులో కాస్త కరెంటు పుట్టిస్తోంది. కటింగ్ ప్లయర్ తీసుకుని సాకెట్‌ని చాసీ నుంచి విడదీసే వాషర్ ఒకటి దోపి, అక్కడి ఎర్తు వైరు ముక్కని టక్కున కత్తిరించాడు.

స్విచ్ వేశాం. వాల్వులు వేడెక్కడానికి ఒక పాతిక ముప్పై సెకన్లు పడుతుంది. వాల్యూమ్ చివర్లోనే ఉంది. ఏమీ లేదు. నేను స్పీకర్ కాలిపోయిందనుకున్నాను. చెవి పెడితే బాగా లోపల, దూరంగా వాన పడుతున్నట్టు సన్నటి హిస్. అది వాల్వులదీ రెసిస్టెన్సులదీ సొంత శ్వాస, అది ఉండాలి. ఇంకేమీ లేదు. మేమిద్దరం చెరో స్పీకర్‌కి చెవి ఆనించి నేల మీద కూర్చుని ఉండగా అక్క లోపలికొచ్చింది. మమ్మల్ని చూసి ఏదో అనబోయి అనకుండా అలమారు తలుపు వేసింది.

ట్యింగ్‌మంది గదంతా.

మైక్రోఫోనిక్. వాల్వులో గ్రిడ్ అంటే వెంట్రుక కంటే సన్నటి తీగ చుట్ట, కాథోడ్‌కి అతి దగ్గరగా నిలబడి ఉంటుంది. తలుపు దెబ్బకి అది వణికితే ఆ వణుకు కూడా సిగ్నలే. బావ పెన్సిల్ తిరగేసి, రబ్బరు వైపుతో డబ్బాలోని 12ఏఎక్స్7లన్నిటినీ ఒక్కొక్కటిగా మొదటి బేస్‌లో పెట్టి కొట్టి చూశాడు. కొన్ని టక్ అన్నాయి, కొన్ని గుడి గంటలయ్యాయి. అన్నిటికంటే మొద్దుగా పలికినవి రెండు ఎంచి మొదటి స్థానాల్లో పెట్టాడు. గంటలాంటి దాన్ని దూదిలో చుట్టి డబ్బాలో వేశాడు. చెప్పాను కదా, పారెయ్యడు.

తర్వాత రికార్డు పెట్టాం. ముల్లు గాడిలో పడిన టప్ శబ్దానికీ పాట మొదలవడానికీ మధ్య ఒక చిన్న ఖాళీ ఉంటుంది. అంతకుముందు ఆ ఖాళీలో ఏముంటుందో నాకు తెలియదు, హమ్ నింపేసేది. ఆ రోజు అందులో పాడబోయే మనిషి ఊపిరి పీల్చుకోవడం వినబడింది. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక వైపు అయ్యేదాకా లేవలేదు. రికార్డు తిప్పమని కూడా తనే అంది.

సెలవులైపోయాయి. తర్వాత చదువు, ఉద్యోగం, ఇళ్ళు మారడం. ప్రీయాంప్ నాతోనే తిరిగింది, రెండు పెట్టెలూ, మధ్యలో ఆ నాలుగు తీగల కేబుల్. బావకి ఇప్పుడు వయసు మీదపడింది. పై స్థాయి శబ్దాలు సరిగా వినబడవంటాడు. అయినా ఫోన్ చేస్తే ఎలా ఉన్నావు అని అడిగే ముందు, "ఏమోయ్, హమ్ ఎలా ఉంది?" అంటాడు. "లేదు బావా" అంటే "అయితే బాగున్నావన్నమాట" అంటాడు. ఎన్నో ఏళ్ళుగా మా పలకరింపు ఇదే.

పోయిన నెల మొదటిసారి ఉంది అన్నాను. ఒక సాయంత్రం స్విచ్ వేస్తే హమ్ లేచింది. ఫోన్‌ని స్పీకర్‌కి దగ్గరగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

"వంద" అన్నాడు.

"ఫోన్‌లో ఎలా తెలిసింది బావా?"

"మామూలు ఫోన్ 300 హెర్ట్జ్ కంటే కిందున్నదాన్ని సరిగా పంపదు కదా. యాభై గుండ్రంగా ఉంటుంది, దారిలోనే పోతుంది. నాదాకా వచ్చిందంటే దానికి పళ్ళున్నాయి. సప్లైలో మొదటి కండెన్సర్ ఎండిపోయి ఉంటుంది, ఇన్నేళ్ళు నిలిచిందే గొప్ప. మార్చెయ్."

"సరే."

"ప్లగ్ పీకావా?"

"పీకాను."

"నిమిషం ఆగావా?"

"ఆగాను బావా."

"ఎడం చెయ్యి?"

నిజానికి అది అప్పటికే నా వీపు వెనక ఉంది.

"కొత్తది వేశాక మళ్ళీ ఫోన్ చేసి అలాగే పట్టుకో" అన్నాడు. "ఈసారి నాకేమీ వినబడకూడదు."